నది ఒడ్డు సందుల నుండి ఇల్లు మారేటప్పుడు: కర్నూలు పాతబస్తీలో సామాను మోసేవారిని కుదుర్చుకునే పద్ధతి

కర్నూలు పాతబస్తీలో ఇల్లు మారే సామాను రెండు ప్రయాణాలు చేస్తుంది. మొదటిది ఇంటి గడప నుండి బండి నిలిచే చోటు వరకు మనుషుల భుజాల మీద సాగేది. రెండవది అక్కడి నుండి కొత్త ఇంటి వరకు చక్రాల మీద సాగేది. రెండవది ఐదారు కిలోమీటర్లు ఉన్నా అరగంటలో ముగుస్తుంది, మొదటిది నూరు గజాలే అయినా ఒక పూటంతా తినేస్తుంది. అయినా బేరమాడేటప్పుడు మనలో చాలామంది రెండవ ప్రయాణం గురించే మాట్లాడుతారు: ఎక్కడి నుండి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఏ బండి, ఎంత కిరాయి అని. మోత సంగతి బండి వచ్చి సందు మొదట ఆగిపోయిన తరువాత గాని గుర్తుకు రాదు, అప్పటికి బేరమాడే బలం మన చేతిలో ఉండదు.

తుంగభద్ర, హంద్రీ నదులు కలిసే మూలలో పెరిగిన ఊరు కాబట్టి పాతబస్తీ వీధులు బండ్ల కోసం వేసినవి కావు. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల పెద్ద రోడ్డు వదిలి లోపలికి వెళితే వీధి సందుగా, సందు గొందిగా సన్నబడుతుంది. మురుగు కాలువల మీద పరచిన నాపరాళ్లు మనిషి నడకకు చాలును గాని బరువెక్కిన చక్రానికి చాలవు. 2009 వరద తరువాత తిరిగి కట్టుకున్నవారిలో కొందరు నేలమట్టాన్ని మూడు నాలుగు అడుగులు లేపుకున్నారు. నీటి భయం తగ్గిందేమో గాని, సందులోంచి నేరుగా లేచే నిటారు మెట్లు, పట్టుకోవడానికి కటాంజనం కూడా లేనివి, మోసేవారికి కొత్త కష్టమయ్యాయి. హంద్రీ వైపున్న బుధవారపేట, జోహరాపురం వంటి చోట్ల కూడా లోపలి ఇళ్లవారికి ఇదే అనుభవం. ఈ వ్యాసం అటువంటి ఇళ్లవారి కోసం. గేటు ముందు లారీ నిలిచే కాలనీలలో ఉన్నవారికి ఇందులో సగం అవసరముండదు.

మొదట సందును కొలవండి

ఎవరికీ ఫోను చేయకముందే ఒక టేపు, ఒక కాగితం తీసుకుని, మీ గడప నుండి పెద్ద రోడ్డు వరకు ఒకసారి నడవండి. ఎన్ని అడుగుల దూరమో, ఎన్ని మలుపులున్నాయో, అన్నిటికంటే ఇరుకైన చోటు ఎంత వెడల్పో రాసుకోండి. వెడల్పును గోడ నుండి గోడకు కొలవడం తప్పు. బయటికి పొడుచుకువచ్చిన అరుగుల మెట్లు, కరెంటు స్తంభం, కుళాయి దిమ్మె, రోజూ అక్కడే నిలిచే ద్విచక్ర వాహనాలు, వీటన్నిటినీ తీసివేయగా మిగిలేదే అసలు వెడల్పు. తలపైకి కూడా చూడాలి. సందుకు అడ్డంగా వేలాడే కేబుల్ తీగలు, కరెంటు తీగలు, తక్కువ ఎత్తులో ఉన్న సజ్జలు, తడకలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించాలి. ఆ తరువాత ఇంట్లోకి వచ్చి ద్వారబంధాల వెడల్పు, ఎత్తు, మెట్ల వెడల్పు, మెట్లు మలుపు తిరిగే చోటి చదును, పాత మిద్దె అయితే దూలం కింది ఎత్తు కొలవాలి.

ఇదంతా చాదస్తమనిపించవచ్చు. కొన్నేళ్ల క్రితం మా పెద్దమ్మగారి ఇల్లు మార్చేటప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఫోనులో మాట్లాడిన తరలింపు సంస్థవారు ఎన్ని గదులు, ఎన్నో అంతస్తు అని మాత్రమే అడిగారు, మేమూ అంతే చెప్పాము. ఉదయం పెద్ద డీసీఎం బండి వచ్చి రోడ్డు మీదే నిలిచిపోయింది. సందులో రెండవ మలుపు దగ్గర ఇనుప బీరువా ఇరుక్కుని ముందుకూ పోలేదు, వెనకకూ రాలేదు. వచ్చిన నలుగురూ పని ఆపి కూర్చుని, ఒప్పుకున్నదానికి దాదాపు రెట్టింపు అడిగారు. వారిది పూర్తిగా తప్పని అనలేను, ఎందుకంటే ఆ సందు గురించి వారికి ఎవరూ చెప్పలేదు. చివరకు ఆ వీధిలోనే ఉండే ఒక ముసలి హమాలీ వచ్చి చూసి, "సామాను కాదు సామీ, ముందు సందు చూడాల" అని, పడుకోబెట్టి మోస్తున్న బీరువాను నిలబెట్టించి, గోనెపట్టా మీద జరిపిస్తూ పది నిమిషాలలో మలుపు దాటించాడు.

ఆయన చేసినదాని వెనుక ఒక చిన్న లెక్క ఉంది. ఒకే వెడల్పున్న రెండు సందులు లంబకోణంలో కలిసే చోట పొడవైన వస్తువును అడ్డంగా మోస్తూ తిప్పాలంటే, సందు వెడల్పును 2.8తో గుణించి, అందులోంచి వస్తువు మందానికి రెట్టింపును తీసివేయాలి. వచ్చినదే అక్కడ తిరగగల గరిష్ఠ పొడవు. సాధారణ ఇనుప బీరువా 78 అంగుళాల ఎత్తు, 19 అంగుళాల లోతు ఉంటుందనుకుందాం. సందు మూడు అడుగులైతే, అంటే 36 అంగుళాలైతే, దాదాపు 63 అంగుళాల వస్తువే తిరుగుతుంది, బీరువా తిరగదు. మూడున్నర అడుగులైతే 79 అంగుళాలు దాటుతుంది, చర్మం గీసుకుంటూ తిరుగుతుంది. నాలుగు అడుగులైతే 96 అంగుళాల వరకు వస్తుంది, ఇబ్బందే లేదు. సందు వెడల్పులో ఒక్క అడుగు తేడా ఉంటే పని తీరే మారిపోతుందన్నమాట. తిరగని చోట నిలబెట్టి జరపడం ఒక్కటే మార్గం, దానికి నేల చదునుగా ఉండాలి, పైన తీగలు ఉండకూడదు.

ఇంకొక లెక్క ఇంటి లోపలిది. పడుకోబెట్టి తెచ్చిన బీరువాను గదిలో నిలబెట్టేటప్పుడు దాని మూల ఒక క్షణం అసలు ఎత్తు కంటే పైకి లేస్తుంది. 78 అంగుళాల బీరువాకు 80 అంగుళాల పైచిలుకు, అంటే దాదాపు ఆరడుగుల తొమ్మిది అంగుళాల ఖాళీ కావాలి. కొత్త స్లాబు ఇంటిలో ఇది సమస్య కాదు. పాత మిద్దెలో దూలం కింద నిలబెట్టాలనుకుంటే మాత్రం చోటును ముందే ఎంచుకోవాలి. పందిరి మంచాలు, పాత టేకు బోషాణాలు, వాకిలి రెక్కలు తీస్తే గాని బయటికి రాని భోజనపు బల్లలు మొదలైనవాటికి కూడా కొలత రాసి పెట్టుకోండి. ఇంట్లోకి వచ్చిన దారిలోనే బయటికి పోతాయని నమ్మడానికి లేదు. అవి వచ్చిన తరువాత మనమే గోడలు కట్టుకుని, గ్రిల్లులు బిగించుకుని ఉంటాము.

ఏ బండి, ఎక్కడి వరకు

టాటా ఏస్ వంటి చిన్న బండి వెడల్పు పక్క అద్దాలను వదిలేసినా దాదాపు ఐదు అడుగులు, మోసే బరువు ముప్పాతిక టన్ను. ట్రాలీ ఆటో వెడల్పులో దానికి పెద్దగా తీసిపోదు గాని మలుపు తేలికగా తిరుగుతుంది. బొలెరో పికప్ ఐదున్నర అడుగులు దాటుతుంది, బరువు ఎక్కువ మోస్తుంది. ఐషర్, డీసీఎం బండ్లను సందుల లెక్కలోకి తీసుకోనే కూడదు. బండి వెడల్పుకు కనీసం అడుగున్నర కలిపినంత ఖాళీ సందు పొడవునా ఉంటేనే డ్రైవరు ధైర్యంగా లోపలికి వస్తాడు, తలుపు తీసుకుని దిగగలుగుతాడు. ఖాళీ బండి వెళ్లగలిగిన దారిలో బరువెక్కిన బండి తిరిగి రాగలదని కూడా అనుకోకూడదు. మురుగు కాలువ మీది నాపరాయి విరిగి చక్రం దిగబడితే ఆ రోజుకు పని అంతే, పైగా రాయి ఖర్చు వీధివారికి మీరే ఇచ్చుకోవాలి.

ఊరిలోనే మారుతున్నవారికి నా సలహా ఏమిటంటే, ఒక పెద్ద బండికి బదులు చిన్న బండిని రెండు మూడు తిరుగుళ్లకు మాట్లాడుకోవడం మేలు. సి.క్యాంపుకో, వెంకటరమణ కాలనీకో, కల్లూరుకో వెళ్లడానికి దూరం తక్కువ కాబట్టి అదనపు తిరుగుడు ఖర్చు మోతలో ఆదా అయ్యే సమయం ముందు చిన్నదే. హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లేవారికి పెద్ద బండి తప్పదు. అటువంటప్పుడు దానిని విశాలమైన రోడ్డు మీద నిలిపి, సందు మొదటి నుండి అక్కడి వరకు ట్రాలీ ఆటోతో చేరవేయించాలి. ఈ చేరవేత ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే తగాదాలలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. పెద్ద బండిని పగటి వేళ ఏ రోడ్డు మీద ఎంతసేపు నిలపనిస్తారో ట్రాఫిక్ పోలీసు స్టేషనులో అడిగి తెలుసుకోవడం కూడా మీ పనే; డ్రైవరు పొరుగూరివాడైతే అతనికి ఆ సంగతి తెలియదు.

బండి వెళ్లని, మోత దూరం ఎక్కువైన సందులలో తోపుడు బండిని చిన్నచూపు చూడకండి. అట్టపెట్టెలు, గిన్నెల సంచులు, పరుపులు అరవై గజాలు మోయడం కంటే తోపుడు బండి మీద తోయడం మనిషికి తేలిక, సామానుకు క్షేమం. అద్దాలు, పూజా పటాలు, టీవీ మాత్రం చేతి మీదే వెళ్లాలి.

ఎవరిని కుదుర్చుకోవాలి

ఈ పనికి ఊరిలో రెండు రకాల మనుషులు దొరుకుతారు. ఒకరు తరలింపు సంస్థలవారు, మనం ప్యాకర్స్ అనేవారు. అట్టపెట్టెలు, బబుల్ షీటు, రసీదు, బీమా కాగితం వీరి దగ్గర ఉంటాయి. రెండవవారు బజారులోనూ, బండ్ల అడ్డాల దగ్గర మేస్త్రీ చేతి కింద పనిచేసే హమాలీలు. కాగితం వీరి దగ్గర ఉండదు, సందులు మాత్రం అరచేతి గీతల్లా తెలుసు. నా అనుభవంలో ఊరిలోని మార్పుకు మేస్త్రీ గుంపు చాలును. దూరపు మార్పుకు సంస్థను కుదుర్చుకుని, సందులోంచి రోడ్డు వరకు మోతను మాత్రం ఆ వీధి ఎరిగిన హమాలీలతో చేయించుకోవడం అన్నిటికంటే నయం. ఇందుకు ఒక్క షరతు ఉంది: ఇద్దరినీ పిలిస్తే బీరువా మీద పడ్డ సొట్ట ఎవరి బాధ్యత అన్న ప్రశ్న వస్తుంది. అందువల్ల బండి దగ్గర సామాను అప్పగించేటప్పుడు సంస్థ మనిషి ఒక్కొక్క పెద్ద వస్తువును చూసి, ఉన్న గీతలు, సొట్టలు తన జాబితాలో రాసుకుని సంతకం పెట్టాలి.

సంస్థ ఏదైనా, మనిషిని పంపి సందు చూడకుండా ధర చెప్పేవారితో బేరం వద్దు. రావడానికి వీలు కాదంటే కనీసం వీడియో కాల్‌లో రోడ్డు నుండి గడప వరకు నడుస్తూ చూపించి, కొలతలు రాసిన కాగితాన్ని వాట్సాప్‌లో పంపి, "చూశాము" అన్న జవాబును దాచుకోవాలి. ఆ తరువాత బిల్లు మీద ఉండే జీఎస్టీ నంబరును జీఎస్టీ వెబ్‌సైటులో సరిచూడండి. అది 15 అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనదైతే 37తో, తెలంగాణలో నమోదైనదైతే 36తో మొదలవుతుంది. నంబరు కింద కనిపించే వ్యాపారం పేరు, మీతో మాట్లాడినవారు చెప్పిన పేరు ఒకటి కాకపోతే అక్కడే ఆగిపోవాలి, ఎందుకంటే పేరున్న సంస్థల పేరుకు ఒక అక్షరం కలిపి బోర్డు పెట్టుకునేవారు ఉంటారు. బండి నంబరు పలక పసుపు రంగుదై ఉండాలి (కరెంటు బండికైతే ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలు). తెల్ల పలక బండి కిరాయికి నడపడానికి అనుమతి లేనిది, ప్రమాదం జరిగితే బీమా చిక్కులన్నీ మీ నెత్తిన పడతాయి. బండి వివరాలను ఎంపరివాహన్ యాప్‌లో రెండు నిమిషాలలో చూసుకోవచ్చు.

మేస్త్రీతో మాట్లాడే తీరు వేరు. ఆయనను ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి, సందు మొదటి నుండి అటక వరకు అంతా చూపించాలి. అటక మీద ఉన్నదాన్ని దాచి చెప్పడం మన ఊళ్లలో ఒక అలవాటు. "అంతే అన్నా, కొంచెమే సామాను" అని చెప్పి, ఆ తరువాత ఇత్తడి గంగాళాలు, పాత రుబ్బురోలు, రెండు బస్తాల పుస్తకాలు బయటికి తీస్తే ఆయన మనసు విరిగిపోతుంది, పనివారి చేతులు కూడా బిగుసుకుంటాయి. మొత్తం పనికి గుత్తగా మాట్లాడుకోవడం మంచిదా, మనిషికి ఇంత కూలి అని మాట్లాడుకోవడం మంచిదా అని అడుగుతుంటారు. ఇరుకు సందులకు గుత్తే మంచిది, ఎందుకంటే ఆలస్యానికి కారణమయ్యే సందును ఆయన కళ్లతో చూసి ధర చెప్పాడు. రోజు కూలికైతే ప్రతి మలుపూ మీ ఖర్చే.

మాటలో ఏమేమి ఉండాలి

ధర ఎంత అన్నది సీజనును బట్టి మారుతుంది, దానికి నేను అంకె చెప్పలేను. ఆ అంకెలో ఏమేమి ఇమిడి ఉన్నాయన్నదే మీరు పట్టించుకోవలసినది. మోత దూరం ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చూడండి. రెండు గదుల ఇంటి సామాను నూరు మోతలు అవుతుందనుకుందాం. నలుగురు మనుషులు పంచుకుంటే తలా ఇరవై ఐదు తిరుగుళ్లు. బండి గడపకు ఇరవై మీటర్లలో ఉంటే ఎత్తుకోవడం, నడవడం, దించడం, తిరిగి రావడం కలిసి మూడు నిమిషాలు పడుతుంది, మొత్తం గంటంబావు. అదే బండి 120 మీటర్ల దూరంలో ఉంటే ఒక్కొక్క తిరుగుడుకు ఆరు నిమిషాలు, మొత్తం రెండున్నర గంటలు. సామాను అంతే, మనుషులు అంతే, శ్రమ రెట్టింపు. దీనిని చెప్పకుండా దాచినవారు తక్కువ ధర మాట్లాడుకున్నామని సంతోషిస్తారు గాని, ఆ సంతోషం మధ్యాహ్నం వరకే.

కాబట్టి కాగితం మీద, లేదా కనీసం ఫోనులో సందేశంగా, ఈ మాటలు ఉండాలి: బండి ఎక్కడ నిలుస్తుంది, అక్కడి నుండి గడపకు ఎంత దూరం, ఎన్ని మెట్లు, ఎంతమంది మనుషులు వస్తారు, మంచాలు, అల్మరాలు విప్పి తిరిగి బిగించడం ధరలో ఉందా లేదా, ట్రాలీ చేరవేత ఎవరిది, భోజనం, బత్తా విడిగా అడుగుతారా, కొత్త ఇంటి దగ్గర ఏ అంతస్తు వరకు చేరుస్తారు. కొత్త ఇంటి దారిని కొలవడం చాలామంది మరచిపోతారు. అక్కడ లిఫ్టు ఉన్నా బీరువా పట్టకపోవచ్చు, అపార్టుమెంటువారు లిఫ్టులో సామాను వద్దనవచ్చు.

బయానా కొద్దిగా ఇచ్చి, మిగిలినది సామాను దించిన తరువాతే ఇస్తామని మొదటే చెప్పండి. దూరపు ప్రయాణమైతే సగం బండి కదిలేటప్పుడు అడగడం వాడుకలో ఉంది. మొత్తం ముందే ఇవ్వమనేవారిని మాత్రం వదిలేయడమే మంచిది. తక్కువ ధరకు సామాను ఎక్కించుకుని దారిలో బండి ఆపి ఎక్కువ అడిగే మోసం కొత్తది కాదు.

ఎప్పుడు మారాలి

ఆషాఢంలో ఇల్లు మారరు, శ్రావణం రాగానే అందరూ మారతారు. నది ఒడ్డు సందులవారికి ఇందులో ఒక ఇబ్బంది ఉంది: శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం తుంగభద్రకు నీరు వచ్చే నెలలు, మన వైపు వానలు బాగా పడే నెలలు కూడా. 2009లో దసరా ముగిసిన కొద్ది రోజులకే, అక్టోబరు 2న, ఎగువన సుంకేసుల దాటి వచ్చిన వరద, హంద్రీ వరద కలిసి పాతబస్తీని ముంచాయి. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కూడా శ్రావణ మాసమే. ఇవి అరుదైనవే, రోజూ భయపడవలసినవి కావు. అయినా మారే తేదీకి ముందు మూడు నాలుగు రోజులు పైనున్న డ్యాం గేట్ల వార్తలు చూసుకోవడం, అధికారులు ఒడ్డు వీధులకు హెచ్చరిక ఇచ్చారేమో తెలుసుకోవడం మంచిది. తుంగభద్ర నీరు ఎగువ నుండి వస్తుంది కాబట్టి కొంత వ్యవధి ఇస్తుంది. హంద్రీ మాత్రం జిల్లాలోనే పుట్టిన వానాధార నది, పైన గట్టి వాన పడితే ఎక్కువ సేపు ఆగదు. తరలింపువారితో మాట్లాడేటప్పుడు "వాన వల్ల, నీటి హెచ్చరిక వల్ల తేదీ మారితే బయానా పోదు" అన్న వాక్యం రాయించుకోండి.

ముహూర్తం గట్టిదై వాన కూడా గట్టిదైతే మన పెద్దలు చూపిన దారి ఉండనే ఉంది. ముహూర్తానికి దేవుని పటాలు, దీపం, ఉప్పు, పసుపు, నిండు బిందె తీసుకెళ్లి పాలు పొంగించుకుని, సామానును పొడి రోజు చూసుకుని తెచ్చుకోవచ్చు. దీని వల్ల తరలింపువారి దగ్గర రద్దీ ముహూర్తపు రోజున ఉండే ధర కూడా తప్పుతుంది. వినాయక నిమజ్జనం రోజు, ఊరేగింపులుండే పండుగ రోజులు, పాతబస్తీలో మసీదు ఉన్న వీధులలో శుక్రవారం మధ్యాహ్నం, వీటిని వదిలి తేదీ పెట్టుకోవాలి. ఎండాకాలంలో మన ఊరు నలభై డిగ్రీలు దాటుతుంది. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకు మోత ముగించేలా చూసుకోండి. వేసవి మధ్యాహ్నం నాపరాతి మీద చెప్పులు లేని కాలు నిలవదు, మోసేవారిలో చాలామంది పట్టు కోసం చెప్పులు విడిచే పని చేస్తారు.

ఆ రోజు

ముందు రోజు సాయంత్రమే సందులోని ప్రతి ఇంటికీ వెళ్లి, రేపు ఉదయం సామాను పోతుందని, బండ్లు కాస్త పక్కకు పెట్టమని చెప్పాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, పనికి పనికివచ్చే సంగతి కూడా. ఒక్క తాళం వేసిన స్కూటరు నలుగురు మనుషులను అరగంట నిలబెడుతుంది. పాలవాడు, నీళ్ల ట్యాంకరు వచ్చే వేళలు కూడా అడిగి తెలుసుకోండి.

పుస్తకాలను, గిన్నెలను పెద్ద పెట్టెలలో నింపకండి. ఇరుకు మెట్ల మీద ఒక్క మనిషి ఎత్తుకుని అడుగు కనిపించేలా దిగగలిగినంతే, ఇరవై కిలోలు మించకుండా, ఒక్కొక్క పెట్టె ఉండాలి. బీరువాలోంచి బట్టలు, నగలు, కాగితాలు తీసేసి, లోపలి అరలు విప్పి, తలుపులకు తాళం వేసి, పైన పట్టీ చుట్టాలి. నగలు, ఇంటి దస్తావేజులు, మందులు, ఫోను ఛార్జర్లు మీ చేతి సంచిలోనే ఉండాలి. ఫ్రిజ్‌ను ముందు రోజే ఖాళీ చేసి ఆపేసి నీరు కారనివ్వాలి. దానిని నిలువుగానే మోయాలి. మలుపులో తప్పనిసరిగా వాల్చవలసి వస్తే కొత్త ఇంట్లో కొన్ని గంటలు నిలబెట్టి ఉంచిన తరువాతే కరెంటు ఇవ్వాలి, లేకపోతే కంప్రెసరులోని నూనె గొట్టాలలోకి వచ్చి చెడిపోవచ్చు. ముందు తలుపు ఉండే వాషింగ్ మెషీనుకు డ్రమ్ము కదలకుండా కంపెనీవారు ఇచ్చిన బోల్టులు మళ్లీ బిగించాలి. ఇన్వర్టరు బ్యాటరీ నిటారుగా, విడిగా వెళ్లాలి, లోపల ఆమ్లం ఉంటుంది. గ్యాస్ సిలిండరును మూత బిగించి, నిలబెట్టి, గాలి ఆడే చోట ఉంచాలి. మూసిన బండిలో పెట్టి పంపకూడదు.

మెట్లు చాలని ఇళ్లలో బీరువాను, మంచాన్ని మిద్దె మీది నుండి తాళ్లతో దించడం మన దగ్గర మామూలే. ఇది హమాలీలకు తెలిసిన విద్య, వారిని చేయనివ్వండి, మీరు కింద నిలబడకండి. రెండు సంగతులు మాత్రం మీరే చూడాలి. మొదటిది పిట్టగోడ. పాత సున్నపు పిట్టగోడ మీద తాడు మోపితే ఇటుకలు తాడుతో పాటు వస్తాయి, కాబట్టి తాడును లోపలి స్తంభానికో, బలమైన దూలానికో కట్టించాలి. రెండవది కరెంటు. ఇంటి పక్క నుండి వెళ్లే తక్కువ వోల్టేజీ తీగ గోడకు కనీసం 1.2 మీటర్ల దూరంలో ఉండాలని నియమం ఉంది, మన సందులలో చేయి చాపితే అందే తీగలు ఎన్నో ఉన్నాయి. అటువంటి వైపు ఇనుప వస్తువును దించవద్దు. వేరే దారి లేకపోతే విద్యుత్ శాఖవారి 1912కు ఫోను చేసి, లేదా సెక్షను కార్యాలయానికి ముందు రోజే వెళ్లి, కాసేపు సరఫరా ఆపించిన తరువాతే మొదలుపెట్టాలి. తీగకు ప్లాస్టిక్ గొట్టం తొడిగి ఉంది కదా అన్న ధైర్యం పనికిరాదు.

మోసేవారికి నీళ్లు, మజ్జిగ ఇంటి దగ్గర ఒకచోట, బండి దగ్గర ఒకచోట పెట్టండి. మీ వాళ్లలో ఒకరు గడప దగ్గర, ఒకరు బండి దగ్గర నిలబడి పెట్టెల నంబర్లు చూసుకుంటే చాలు. సందు మధ్యలో నిలబడి సలహాలు చెప్పే బంధువులు దారికి అడ్డం తప్ప మరేమీ కారు. బండి కదిలేముందు అటక, మిద్దె, స్నానాల గది, పెరటి గూడు ఒకసారి చూసి రండి.

నష్టం జరిగితే

ఊరు దాటే సామానుకు రవాణాదారు రసీదు, అంటే ఎల్‌ఆర్ కాపీ, తప్పకుండా తీసుకోండి. అందులో సామాను విలువను మీరు రాయించకపోతే, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని కింద వచ్చిన 2011 నియమాల ప్రకారం రవాణాదారు బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్లకే పరిమితమవుతుంది. కిరాయి తక్కువ, సామాను విలువ ఎక్కువ అయినవారు ఈ ఒక్క గడిని ఖాళీగా వదిలి నష్టపోతారు. బీమా కట్టించుకున్నామంటే బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉన్న కాగితం చూడాలి. సంస్థవారి సొంత రసీదు మీద "బీమా" అని రాసి డబ్బు తీసుకున్నంత మాత్రాన అది పాలసీ కాదు.

సామాను దించేటప్పుడే విరిగినవి, తడిసినవి, తక్కువ వచ్చినవి చూసి, ఫోటోలు తీసి, వారి కాగితం మీదే రాసి సంతకం పెట్టండి. "అంతా సరిగా అందినది" అన్న చోట చూడకుండా సంతకం పెట్టవద్దు. దావా వేయాలంటే ముందుగా రవాణాదారుకు రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి, దానికి గడువు సామాను బుక్ చేసిన తేదీ నుండి 180 రోజులు. వినియోగదారుల కమిషనుకు వెళ్లాలనుకుంటే గడువు రెండేళ్లు. 50 లక్షల రూపాయల వరకు చెల్లించిన వ్యవహారాలు జిల్లా కమిషను పరిధిలోకి వస్తాయి, ఐదు లక్షల వరకు ఫీజు లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. మేస్త్రీ గుంపుతో చేయించుకున్న పనికి ఇవేవీ ఉండవు. అక్కడ విరిగిన గాజు అల్మరా తలుపుకు గుత్తలోంచి ఎంత తగ్గించుకోవాలో అరుగు మీద కూర్చుని, ఆయన మాట కూడా విని, అప్పటికప్పుడే తేల్చుకుని మిగిలిన డబ్బు ఇచ్చి పంపాలి.